సీసాలో పండే నవాతు

దగ్గు పట్టుకున్నప్పుడు నాయనమ్మ నోట్లో పెట్టే తెల్లని తియ్యని గడ్డను మీరు చాలాసార్లు చప్పరించి ఉంటారు. గుడిలో ప్రసాదంగా కూడా తిని ఉంటారు. కొందరు దాన్ని కలకండ అంటారు, కొందరు పటిక బెల్లం అంటారు. మన తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్ళు నవాతు అంటారు. ఎప్పుడైనా దాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశారా? గాజు ముక్కలాగా మెరుస్తుంది. అంచులు పదునుగా, ముఖాలు నున్నగా, ఎవరో కొలత పెట్టి చెక్కినట్టుగా ఉంటాయి. మరి వాటిని చెక్కిందెవరు?

ఎవరూ చెక్కలేదు. తనంతట తానే అట్లా పెరిగింది. మీరు కూడా ఒక సీసా, ఒక దారం, కొంచెం చక్కెర తీసుకుని ఇంట్లోనే దాన్ని పండించవచ్చు. చొప్పదండిలో ఏ కిరాణా దుకాణంలోనైనా ఇందుకు కావలసిన సరుకు దొరుకుతుంది. దొరకనిదల్లా ఓపిక. దాన్ని మాత్రం ఎవరింటి నుంచి వాళ్ళు తెచ్చుకోవలసిందే.

పేరు వెంట ఒక ప్రయాణం

ముందు ఈ పేరు సంగతి చూద్దాం. మధ్య ఆసియాలో ఉజ్బెకిస్తాన్ అనే దేశం ఉంది. మన ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి 1966 జనవరి 11న కన్నుమూసిన తాష్కెంట్ నగరం దాని రాజధాని. అప్పుడది సోవియట్ యూనియన్‌లో భాగం. 1991లో స్వతంత్ర దేశమైంది. అక్కడి సమర్‌కంద్, బుఖారా బజార్లలో పసుపు, గోధుమ, తెలుపు రంగుల్లో పెద్ద పెద్ద చక్కెర గడ్డలు గుట్టలుగా పోసి అమ్ముతారు. వాటి పేరు నవ్వాత్. ఇంటికి అతిథి వస్తే దస్తర్‌ఖాన్ పరిచి, పచ్చ తేనీటితో పాటు నవ్వాత్ ముక్కలు పెడతారు. పెళ్ళిళ్ళలోనూ అది ఉండి తీరాలి. జలుబు చేస్తే వేడి తేనీటిలో వేసి తాగిస్తారు. చూశారా, అక్కడి నాయనమ్మలు కూడా మన నాయనమ్మల వంటివారే!

వాళ్ళ నవ్వాత్, పారశీక భాషలోని నబాత్, మన నవాతు ఒకే మాటకు మూడు పలుకుబళ్ళు. అరబ్బీ భాషలో నబాత్ అంటే మొక్క, మొలిచేది అని అర్థం. దారం పట్టుకుని మొలకెత్తినట్టు పెరిగే చక్కెరకు ఇంతకంటే తగిన పేరు దొరుకుతుందా?

పేరు అటు నుంచి ఇటు వస్తే, విద్య ఇటు నుంచి అటు వెళ్ళింది. చెరకు రసాన్ని కాచి గట్టి పలుకులుగా మార్చే పద్ధతి భారతదేశంలో చాలా ప్రాచీనమైనది. సంస్కృతంలోని శర్కర పారశీకంలో షకర్ అయింది. ఖండ అనే మాట కంద్ అయి, అరబ్బుల ద్వారా యూరప్ చేరి, ఇంగ్లీషులో క్యాండీగా మారింది. 7వ శతాబ్దంలో చైనా చక్రవర్తి తైజోంగ్ చక్కెర కాచే విద్య నేర్చుకుని రమ్మని మన మగధ దేశానికి మనుషులను పంపాడు. ఇంకో తమాషా: సమర్‌కంద్ పేరులో కంద్ ఉంది గదా అని దాన్ని చక్కెర ఊరు అనుకునేరు! ఆ కంద్‌కు అర్థం ఊరు, పట్టణం అని. అది వేరే మాట.

బుఖారా కళాయిలో

ఉజ్బెకిస్తాన్‌లో నవ్వాత్ తయారుచేసే పద్ధతి చూడటానికి చాలా తేలిక. పెద్ద కళాయిలో చక్కెర పాకం కాస్తారు. కొన్నిచోట్ల అందులో ద్రాక్షరసం కూడా కలుపుతారు. పాకంలో వరుసగా దారాలు వేలాడగట్టి, కదలకుండా 3 రోజులపాటు వదిలేస్తారు. ఆ తర్వాత చూస్తే దారాల చుట్టూ, కళాయి గోడల వెంట చక్కెర గడ్డలు గుత్తులుగా పట్టి ఉంటాయి. మిగిలిన పాకం వంచేసి, గడ్డలను ఆరబెడతారు.

ఇంతే. పిండి లేదు, నెయ్యి లేదు, గరిటె తిప్పే పని అసలే లేదు. మిగతా మిఠాయిలన్నీ చేతిపని మీద ఆధారపడితే, ఈ మిఠాయి చెయ్యి పెట్టకపోవడం మీద ఆధారపడుతుంది. ఎందుకు? అది తెలియాలంటే నీటి బలం ఎంతో తెలియాలి.

నీళ్ళు ఎంత చక్కెరను మోస్తాయి?

ఒక గ్లాసు నీళ్ళలో చెంచాతో చక్కెర వేస్తూ కలుపుతూ పోండి. కొంతసేపటికి ఇక కరగదు. అడుగున మిగిలిపోతుంది. అప్పుడు ఆ ద్రావణాన్ని సంతృప్త ద్రావణం అంటాం. దాన్ని వేడి చేస్తే అడుగున మిగిలిన చక్కెర కూడా కరిగిపోతుంది. అంటే నీళ్ళ వేడి పెరిగినకొద్దీ అవి మోసే చక్కెర కూడా పెరుగుతుంది. 100 గ్రాముల నీటిలో గరిష్ఠంగా ఎంత చక్కెర కరుగుతుందో చూడండి:

20 డిగ్రీల దగ్గర 204 గ్రాములు
30 డిగ్రీల దగ్గర 219 గ్రాములు
40 డిగ్రీల దగ్గర 238 గ్రాములు
50 డిగ్రీల దగ్గర 260 గ్రాములు
60 డిగ్రీల దగ్గర 287 గ్రాములు
80 డిగ్రీల దగ్గర 362 గ్రాములు
100 డిగ్రీల దగ్గర 487 గ్రాములు

(ఇవన్నీ సెంటీగ్రేడు డిగ్రీలు.) నీటి బరువుకు రెండింతల పైగా చక్కెర! ఉప్పయితే 100 గ్రాముల నీటిలో 36 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది, వేడి చేసినా పెద్దగా పెరగదు.

ఇప్పుడు వేడి నీటిలో నిండుగా చక్కెర కరిగించి నెమ్మదిగా చల్లారనిచ్చామనుకోండి. నీళ్ళు ఇక మోయలేని బరువును మోస్తున్నాయన్నమాట. ఇదే అతిసంతృప్త ద్రావణం. తలకు మించిన మోపు ఎత్తుకున్న మనిషి దించుకునే చోటు కోసం చూసినట్టు, ఈ ద్రావణం కూడా చక్కెరను దించుకునే చోటు కోసం చూస్తుంది. ఆ చోటును మనమే ఇవ్వాలి. దారం ఉన్నది అందుకే.

కావలసినవి

చక్కెర 600 గ్రాములు, దారానికి అద్దడానికి ఇంకో రెండు చెంచాలు. నీళ్ళు 240 మిల్లీలీటర్లు, అంటే 240 గ్రాములు. వెడల్పు మూతి గల గాజు సీసా ఒకటి. జానెడు నూలు దారం. చీపురు పుల్లగాని పెన్సిలుగాని ఒకటి. దారం చివర కట్టడానికి శుభ్రంగా కడిగిన గుండీ. మందపాటి అడుగున్న గిన్నె. పలుచని గుడ్డ. వీటన్నిటికంటే ముఖ్యం, పొయ్యి దగ్గర నిలబడటానికి ఇంట్లోని పెద్దవాళ్ళు ఒకరు.

ఈ చివరి మాటను తేలికగా తీసుకోవద్దు. మరిగే నీళ్ళు 100 డిగ్రీల దగ్గర ఉంటే, చక్కని పాకం 105 డిగ్రీలు దాటుతుంది. పైగా నీళ్ళు ఒంటి మీద పడితే జారిపోతాయి, పాకం అంటుకుని అక్కడే ఉండి కాలుస్తుంది. గిన్నె దించడం, పాకం పోయడం పెద్దవాళ్ళే చెయ్యాలి. ఒకవేళ చుక్క పడితే వెంటనే ధారగా వచ్చే చల్లని నీళ్ళ కింద 20 నిమిషాలు పెట్టాలి. సిరా, పేస్టు, పసుపు వంటివి పూయరాదు. బొబ్బలు ఎక్కితే డాక్టరుకు చూపాలి.

చేసే విధానం

మొదటి రోజు: దారాన్ని నీళ్ళలో తడిపి, పిండి, పొడి చక్కెరలో దొర్లించండి. ఒక కొసను పుల్లకు, రెండో కొసను గుండీకి కట్టి, ఒక రోజంతా ఆరనివ్వండి. దారానికి అంటుకున్న ఈ చక్కెర పలుకులే మన విత్తనాలు. వీటిని బీజ స్ఫటికాలు అంటారు. దారం ఆరకముందే పాకంలో ముంచితే విత్తనాలు రాలిపోతాయి, పంట పండదు.

రెండో రోజు: గిన్నెలో నీళ్ళు కాచి, చక్కెర కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. పలుకు కనిపించకుండా కరిగి, పాకం తేటగా అవ్వగానే పొయ్యి మీద నుంచి దింపించండి. తీగ పాకం దాకా కాచవద్దు. ఎక్కువసేపు మరిగితే నీళ్ళు ఆవిరైపోయి మన లెక్క తప్పుతుంది. గిన్నె గోడలకు అంటుకున్న పలుకులను తడిగుడ్డతో తుడిచేయండి. అవి పాకంలో పడితే అనుకోని చోట్ల గడ్డ కడుతుంది.

ఇక్కడ ఒక కీలకముంది. పాకం వేడివేడిగా ఉండగానే దారం వేలాడగడితే ఏమవుతుంది? పై పట్టిక చూడండి. మన పాకంలో 100 గ్రాముల నీటికి 250 గ్రాముల చక్కెర ఉంది. 45 డిగ్రీలకు పైన ఆ నీళ్ళకు ఇంకా ఆకలి తీరలేదు. మీరు వేసిన విత్తనాలను కూడా కరిగించి మింగేస్తాయి. కాబట్టి పాకాన్ని గిన్నెలోనే కదపకుండా చల్లారనిచ్చి, గిన్నె బయట తాకితే స్నానపు వేడినీళ్ళంత వెచ్చగా ఉన్నప్పుడు సీసాలో పోయించండి. గాజు సీసా పగిలిపోకుండా ఉండాలన్నా ఇదే మంచిది. ముందుగా సీసాను గోరువెచ్చని నీటితో కడిగి తుడిచి ఉంచుకోండి.

ఇప్పుడు పుల్లను సీసా మూతి మీద అడ్డంగా పెట్టి, దారాన్ని నిలువుగా వేలాడదీయండి. దారం అడుగుకు, గోడలకు తగలకూడదు. పైన పలుచని గుడ్డ కప్పండి. చీమల సంగతి మీకు తెలిసిందే. అమ్మ చక్కెర డబ్బాను నీళ్ళ పళ్ళెంలో పెట్టినట్టే సీసాను కూడా పెట్టండి. ఎండ తగలని మూలలో, ఎవరూ కదపని చోట ఉంచండి.

ఆ తరువాత 7 రోజులు దాన్ని ముట్టుకోవద్దు. చూడవచ్చు, రాసుకోవచ్చు, బొమ్మ గీయవచ్చు. కదపడం మాత్రం వద్దు. ఏడో రోజున పైన పెచ్చు కట్టి ఉంటే చెంచాతో మెల్లగా పగలగొట్టి, దారాన్ని తీసి, పాకం కారిపోయేదాకా ఖాళీ గ్లాసులో వేలాడదీసి ఆరబెట్టండి. మిగిలిన పాకాన్ని పారబోయనక్కరలేదు. షర్బతుకో, పరమాన్నానికో పనికొస్తుంది.

లెక్క ముందే చెప్పిన ఫలితం

ఎంత నవాతు వస్తుందో చెయ్యకముందే చెప్పవచ్చు. ఇంట్లో 30 డిగ్రీల వేడి ఉందనుకుందాం. 100 గ్రాముల నీరు 219 గ్రాములు మోస్తుంది గనుక 240 గ్రాముల నీరు సుమారు 526 గ్రాములు మోస్తుంది. మనం వేసింది 600. మిగిలిన 74 గ్రాములు బయటికి రావలసిందే. దారం మీద కొంత, అడుగున కొంత, గోడలకు కొంత.

అదే పని సంక్రాంతి చలిలో, 20 డిగ్రీల దగ్గర చేస్తే? నీళ్ళు మోసేది 490 గ్రాములే. అంటే 110 గ్రాములు బయటికి వస్తాయి. మరి మే నెలలో? మన కరీంనగర్, రామగుండం ఎండలు మీకు తెలియనివి కావు. గదిలో 40 డిగ్రీలుంటే 571 గ్రాములు కరిగే ఉంటాయి. మిగిలేది 29 గ్రాములు. 45 డిగ్రీలకు చేరితే మిగిలేది దాదాపు సున్నా! నీళ్ళు ఆవిరవుతున్నకొద్దీ కొంత చక్కెర బయటపడుతుంది గాని, అది నెమ్మదిగా జరిగే పని. కాబట్టి ఈ పంటకు దీపావళి నుంచి సంక్రాంతి వరకు మంచి కాలం. వేసవి సెలవుల్లో ప్రయత్నించి పండలేదని దిగులుపడే పిల్లలు తప్పు తమ చేతిలో లేదనీ, గోడకు వేలాడే థర్మామీటరులో ఉందనీ తెలుసుకోవాలి.

సీసాలో ఏం జరుగుతోంది?

చక్కెరకు రసాయన శాస్త్రంలో పేరు సుక్రోజ్. దాని ఒక్కొక్క అణువులో 12 కార్బన్, 22 హైడ్రోజన్, 11 ఆక్సిజన్ పరమాణువులుంటాయి. పాకంలో ఈ అణువులు జాతరలో జనంలాగా అటూ ఇటూ తిరుగుతుంటాయి. దారం మీది విత్తనాన్ని తాకిన అణువుకు అక్కడ తనలాంటి అణువులు వరుసగా నిలబడి కనిపిస్తాయి. తగిన కోణంలో ఒదిగితే తానూ వరుసలో చేరుతుంది. ఒదగకపోతే తిరిగి పాకంలోకి పోతుంది. మేస్త్రీ ఇటుక మీద ఇటుక పేర్చినట్టు, ఇక్కడ అణువు మీద అణువు పేరుకుంటుంది. ఇటుకలన్నీ ఒకే ఆకారంలో, ఒకే వరుసలో ఉన్నాయి గనుకనే గోడ చదునుగా, మూల పదునుగా వస్తుంది. మీరు నవాతు మీద చూసిన నున్నని ముఖం అణువుల గోడే.

7 రోజులు పట్టింది గదా అని అణువులు బద్ధకంగా ఉన్నాయనుకోకండి. 74 గ్రాముల చక్కెర 7 రోజుల్లో పేరుకున్నదంటే, ప్రతి సెకనుకు 2 పక్కన 17 సున్నాలు పెట్టినన్ని అణువులు తమ తమ చోట్లలో కూర్చున్నాయన్నమాట! మన కంటికి నిదానం, అణువులకు ఉరుకులాట.

ఇందులో గమనించవలసిన అసలు విశేషం మరొకటి ఉంది. వరుసలో సుక్రోజ్ అణువుకే చోటు. రంగు పదార్థం, మట్టి, మరో రకం చక్కెర, ఏది వచ్చినా ఆకారం సరిపోదు గనుక బయటికి నెట్టబడుతుంది. పాకంలో కొంచెం తినే రంగు కలిపి చూడండి. పాకం ముదురు రంగులో ఉన్నా గడ్డ లేత రంగులోనే వస్తుంది. నెమ్మదిగా పెరిగిన స్ఫటికం తనను తానే శుద్ధి చేసుకుంటుంది. తొందరగా పెరిగితే మాత్రం వరుసల మధ్య పాకం చిక్కుకుపోయి గడ్డ మసకబారుతుంది. రసాయన ప్రయోగశాలల్లో పదార్థాలను శుద్ధి చేయడానికి కూడా ఇదే పద్ధతి వాడతారు.

అణువుల వరుసకు అడ్డుపడేవి కూడా ఉన్నాయి. గులాబ్ జామూన్ పాకం గడ్డకట్టకుండా అమ్మ నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతుంది, చూశారా? పులుపు, వేడి కలిసి సుక్రోజ్ అణువులు కొన్నింటిని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలుగా చీలుస్తాయి. ఇవి వరుసలో ఇమడవు, ఇమిడేవాటికి అడ్డం వస్తాయి. పాకం తేటగా నిలుస్తుంది. మన నవాతు పాకంలో అందుకే నిమ్మరసం పడకూడదు.

ఒకే చక్కెర, మూడు రూపాలు

హోలీ దగ్గరపడుతుంటే మన అంగళ్ళలో తెల్లని చక్కెర పేర్లు దండలుగా వేలాడతాయి. చిన్నపిల్లల మెడలో వేస్తే వాళ్ళు ఆడుతూ ఆడుతూ ఒక్కొక్క బిళ్ళే కొరుక్కు తింటారు. అవీ చక్కెర పాకమే, వాటిలోనూ దారమే. మరి నవాతులాగా గాజులా ఎందుకు మెరవవు? ఎందుకంటే ముదురు పాకాన్ని అచ్చుల్లో పోసి త్వరగా గడ్డకట్టిస్తారు. ఒక్కసారిగా లక్షలాది చిన్న చిన్న స్ఫటికాలు పుట్టి ఒకదానికొకటి ఇరుక్కుంటాయి. లోపలికి పోయిన వెలుగు వాటి మధ్య చెదిరిపోయి నలుదిక్కులా బయటికి వస్తుంది. అందుకే తెల్లగా సుద్దలాగా కనిపిస్తాయి.

ఇక జాతరలో తినే పీచు మిఠాయి ఇంకా తొందరపాటుది. కరిగిన చక్కెర గిరగిర తిరిగే గిన్నె రంధ్రాల నుంచి సన్నని పోగులుగా చిమ్ముకుని, కళ్ళు మూసి తెరిచేలోగా గట్టిపడుతుంది. అణువులకు వరుస కట్టే వ్యవధి లేదు. ఎక్కడివక్కడే నిలిచిపోతాయి. ఇట్లా వరుస లేకుండా గట్టిపడిన పదార్థాన్ని గాజు స్థితి అంటారు. అది గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది. పీచు మిఠాయి కొన్న కాసేపటికే ముడుచుకుపోయేది అందుకే.

వారం రోజులు ఇస్తే నవాతు, కొన్ని నిమిషాలు ఇస్తే పేర్లు, రెప్పపాటు ఇస్తే పీచు మిఠాయి. సరుకు ఒక్కటే, తేడా అంతా కాలంలోనే.

మన ఇంట్లో డబ్బాలోని మామూలు చక్కెర ఈ వరుసలో ఎక్కడుంది? నవాతుకూ పేర్లకూ మధ్య. ఫ్యాక్టరీలో చెరకు రసాన్ని శుద్ధి చేసి, గాలి తీసేసిన పెద్ద పాత్రల్లో కాస్తారు. పీడనం తక్కువ గనుక తక్కువ వేడి దగ్గరే నీళ్ళు ఆవిరవుతాయి, చక్కెర మాడదు. అక్కడా సన్నని చక్కెర పొడిని విత్తనంగా వేస్తారు. పలుకులు సరిపోయేంత పెరిగాక గిరగిర తిప్పి, అంటుకున్న పాకాన్ని వేరు చేస్తారు. మనకు దగ్గరలో 1937లో బోధన్‌లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, జగిత్యాల వైపు దాని ముత్యంపేట శాఖ ఈ పని చేసేవి. అవి 2015లో మూతపడ్డాయి. మీ ఇంట్లో తాతలు ఒకప్పుడు అక్కడికి బండ్ల మీద చెరకు తోలి ఉంటే, ఆ సంగతులు అడిగి రాసుకోండి.

చీకట్లో ఒక మెరుపు

నవాతుతో చేసే మరో చక్కని ప్రయోగం ఉంది. రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పేసి, కళ్ళు చీకటికి అలవాటుపడేదాకా 10 నిమిషాలు కూర్చోండి. తరువాత బాగా ఆరిన నవాతు ముక్కను పట్టకారుతో నొక్కి పగలగొట్టండి. కంటికి కళ్ళద్దాలు అడ్డం పెట్టుకోవాలి. పగిలే క్షణంలో లేత నీలి మెరుపు కనిపిస్తుంది! ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ బేకన్ 1620లో అచ్చయిన తన గ్రంథంలోనే ఈ విషయం రాశాడు. స్ఫటికం పగిలినప్పుడు రెండు ముఖాల మీద వ్యతిరేక విద్యుదావేశాలు ఏర్పడి, వాటి మధ్య గాలిలో చిన్న పిడుగులాంటిది దూకుతుంది. గాలిలోని నైట్రోజన్ అణువులు ఆ వెలుగును ఇస్తాయి. అందులో ఎక్కువ భాగం మన కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి, కొంచెమే నీలి వెలుగు.

నవాతు మందా?

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వద్దాం. మన ఊళ్ళలో షుగర్ జబ్బు ఉన్న పెద్దవాళ్ళు చాలామంది చాయలో చక్కెర మానేస్తారు. కాని జేబులో నవాతు ముక్కలు ఉంచుకుంటారు. ఏమిటి తాతా అంటే, ఇది చక్కెర కాదురా, చలువ చేస్తుంది, మందు అంటారు. ఇది నిజమేనా?

మీ సీసానే సాక్ష్యం అడగండి. అందులో మీరు వేసింది చక్కెర, నీళ్ళు. బయటికి వచ్చింది చక్కెర. పైగా స్ఫటికం పెరిగేటప్పుడు తనది కానిదాన్నంతా బయటికి నెట్టేస్తుందని చూశాం. అంటే గడ్డ ఎంత తేటగా, ఎంత అందంగా మెరుస్తుంటే అది అంత శుద్ధమైన చక్కెర అన్నమాట. ఇంకేదో మందు అందులో దాగి ఉండటానికి చోటే లేదు. తాటి బెల్లంతో చేసే తాటి కలకండలో కూడా ముఖ్యంగా ఉండేది సుక్రోజే. 10 గ్రాముల నవాతు తిన్నా, 10 గ్రాముల చక్కెర తిన్నా చిన్న పేగులో అది గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా చీలి రక్తంలోకి చేరుతుంది. రెండింటిలోనూ గ్రాముకు 4 కేలరీలే.

మరి దగ్గు తగ్గుతుంది గదా అంటారు. గడ్డ నోట్లో నెమ్మదిగా కరుగుతుంటే లాలాజలం ఊరుతుంది, గొంతు తడిగా ఉండి గరగర తగ్గుతుంది. ఉపశమనం నిజమే. కాని అది దగ్గుకు కారణమైన జబ్బును తగ్గించదు.

ఇంకొక జాగ్రత్త. షుగర్ మందు వాడేవారికి ఒక్కోసారి రక్తంలో గ్లూకోజ్ బాగా పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. అప్పుడు తెలివిలో ఉన్న మనిషికి వెంటనే గ్లూకోజ్ పొడిగాని, చక్కెర కలిపిన నీళ్ళుగాని తాగించాలి. నవాతు గడ్డ కరిగేలోగా ఆలస్యమవుతుంది. పెద్ద గడ్డకు నీటిని తాకే ఉపరితలం తక్కువ అని మీరు పాఠంలో చదువుకున్నదే.

మీకు కూడా ఒక మాట. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సలహా ప్రకారం రోజుకు 2000 కేలరీలు తినే మనిషి, విడిగా కలుపుకునే చక్కెరలు, తేనె, పండ్లరసాల్లోని చక్కెరలు అన్నీ కలిపి 50 గ్రాములు మించరాదు. 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మేలు. మీ దారం మీద పండిన నవాతు పదిమందికి పంచడానికి సరిపోతుంది. ఒక్కరే తినడానికి కాదు.

పటిక బెల్లం అనే పేరు వల్ల కూడా ఒక పొరపాటు జరుగుతుంది. స్ఫటిక అనే మాటే పటిక అయింది. మంగలి దుకాణంలో గడ్డం గీశాక రుద్దే పటిక వేరు. అది అల్యూమినియం, పొటాషియం ఉన్న లవణం. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే పేరు రాయని పొట్లంలోని తెల్లని గడ్డను ఎప్పుడూ నాలుక మీద పెట్టి పరీక్షించకండి.

మీరే కనుక్కోండి

మిత్రులతో కలిసి మూడు చిన్న సీసాలు పెట్టండి. ఒకదానిలో మామూలు పాకం పోసి కదపకుండా ఉంచండి. రెండోదాన్ని చల్లారేటప్పుడు చెంచాతో బాగా గిలకొట్టండి. మూడోదానిలో పోసే పాకాన్ని చెంచాడు నిమ్మరసం వేసి కాయించండి. మూడింటిలోనూ ఒకే రకం దారం వేలాడదీయండి. రోజూ ఒకే వేళకు గది ఉష్ణోగ్రత, దారం మందం నోటు పుస్తకంలో రాయండి. ఏడో రోజున దేని గడ్డ పెద్దది? దేని పలుకులు తేటవి? ఎందుకు? దారాన్ని ముందుగా తూచి ఉంచితే, మన 74 గ్రాముల లెక్కలో ఎంత దారం మీదకు చేరిందో, ఎంత అడుగున దిగిందో కూడా తేలుతుంది.

పండిన నవాతును మొదట ఎవరికి చూపాలో తెలుసా? జేబులో నవాతు ఉంచుకునే తాతకు. ఆయనతో వాదించకండి, కసరకండి. సీసా పెట్టే రోజున ఆయననే పక్కన కూర్చోబెట్టుకుని, చక్కెర పొట్లం ఆయన చేతనే విప్పించండి. ఏడో రోజున దారం ఆయన చేతికే ఇచ్చి, ఇది ఎక్కడి నుంచి వచ్చింది తాతా అని అడగండి. జవాబు ఆయనే చెబుతారు.